ఫిర్యాదు చేయని ఆరు వీధులు

...ఎందుకంటే మనిషి కాపురముండే ఇల్లు ఎప్పుడో ఒకప్పుడు గొణుగుతుంది. కాలువ పొంగిందని గొణుగుతుంది, వీధి దీపం ఆరిపోయిందని గొణుగుతుంది, పక్కవాడు ప్రహరీ జానెడు ఇవతలికి జరిపాడని గొణుగుతుంది. ఏదీ దొరక్కపోతే ఎదురింటి కుక్క మీద పడుతుంది. తాను ఉన్నానన్న నమ్మకం కలగాలంటే మనిషి ఎవరో ఒకరి మీద విసుక్కోవాలి కాబోలు. అసలు విసుక్కోని మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను, అదీ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో. అతను ఉన్నాడో లేడో నాకింకా తేలలేదు.

"దొరికిందా అండీ, మీకు కావలసింది?"

వెనక నుంచి పలకరించింది మున్సిపల్ ఆఫీసులో మదింపు విభాగం ఆఫీసరు. ఏ ఇంటికి ఎంత విలువ కట్టాలో తేల్చే విభాగం అది. కింది ఉద్యోగులు ఆయన్ని చాటుగా మెత్తనయ్య అంటారు. తలుపు వేసినా చప్పుడు కానివ్వడు, సంతకం పెట్టినా కాగితానికి నొప్పి తెలియనివ్వడు.

నేను ఫిర్యాదుల పుస్తకం మూశాను. రికార్డు గదిలో గడియారం రెండూ పది చూపిస్తోంది.

నాలుగు రోజుల కిందట ఈ విభాగంలోనే ఇళ్ల కొలతలు తీసే ఉద్యోగి చనిపోయాడు. ఊరందరికీ ఆయన టేపు మాస్టారు. ఊరికి ఉత్తరాన కొత్త లేఅవుట్‌లో, నీళ్ల ట్యాంకు కోసం తవ్విన గోతిలో శవం దొరికింది. లంచాలు తిని, బయటపడుతుందన్న భయంతో దూకేశాడని పోలీసుల మాట. ఇవాళ సాయంత్రం ఆ మాట రిపోర్టులోకి ఎక్కితే ఆయన భార్యకు పెన్షన్ రాదు, నెలాఖరుకు క్వార్టర్సు ఖాళీ చేయాలి. నన్ను పిలిచింది ఆయన కూతురు. నేను డిటెక్టివ్‌ని.

"లేఅవుట్‌లో ఆరు వీధులున్నాయి కదండీ," అన్నాను. "మీ జాబితా ప్రకారం మూడు వందల పన్నెండు ఇళ్లు. రెండేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు. చాలా మంచివాళ్లలా ఉన్నారే."

"చదువుకున్నవాళ్లు. పన్ను కూడా సమయానికి కట్టేస్తారు."

"ఎంత సమయానికి?"

"గడువు మొదలైన రోజే."

"మూడు వందల పన్నెండు మందీనా?"

మెత్తనయ్య నవ్వి, కుర్చీ లేపి వేసుకున్నాడు, ఈడ్చలేదు. "మీకది వింతగా ఉందా?"

"నాకు తెలిసిన మనుషుల్లో ముగ్గురిని ఒకే రోజు ఒకే చోట నిలబెట్టడం కష్టం. పోనివ్వండి. మాస్టారు ఆ రోజు పదీ నలభైకి బయటికి వెళ్తూ సంతకం పెట్టాడు. ఎక్కడికని మీతో చెప్పాడా?"

"లేదండీ. ఆ రోజు మా మధ్య మాటే జరగలేదు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా నేను కమిషనరుగారి గదిలో నీళ్ల పథకం మీటింగులో ఉన్నాను. హాజరు పట్టీలో నా సంతకం ఉంది."

"సంతకాలు మీటింగు మొదట్లో పెడతారా, చివర్లోనా?"

"మొదట్లో. చివర్లో ఎవరు పెడతారు, అందరికీ ఇంటికి పోయే తొందరేగా."

చెప్పేశాక ఆయన కాస్త ఆగాడు. ఇక్కడినుంచి లేఅవుట్‌కి బండి మీద ఇరవై నిమిషాలు. గోతిలో శవాన్ని పుల్లలేరుకునే ఆవిడ చూసింది ఒంటిగంటా ఇరవైకి. నేనూ ఆగాను. ప్రశ్నకంటే ఖాళీ ఎక్కువ పని చేస్తుంది. మనిషి ఖాళీని భరించలేడు, ఏదో ఒకటి పోసి నింపుతాడు.

మెత్తనయ్య పాఠంతో నింపాడు.

"మీరు డిటెక్టివ్ కదా, ఊరంటే మీకు మనుషులు కనిపిస్తారు. నాకు కనిపించరు. ఇళ్లు, కొట్లు, ఖాళీ స్థలాలు, ఒక్కోదానికి ఎంత విలువ కట్టాం, అన్నీ కలిపితే ఎంత. దాన్ని మేం పన్ను పునాది అంటాం. పన్ను వేరు, పునాది వేరండీ. పన్ను నిలబడే చోటు పునాది. జనం రేటు పెంచారని తిడతారు గాని, పునాది చిన్నదైన ఊళ్లో ఎవడు కూర్చున్నా రేటు పెంచాల్సిందే. ఉన్న నలుగురి నెత్తినే పడాలి. పునాది పెద్దదైతే ఎవరికీ బరువు తెలీదు. అప్పిచ్చేవాళ్లు కూడా దాన్నే చూస్తారు. ఈ ఊరు ఇరవై ఏళ్ల తర్వాత కూడా కట్టగలదా అని."

"నీళ్ల పథకం అప్పుకి కావలసినంత పునాది మనకుందా?"

"ఉంది. కొంచెం ఎక్కువే."

"ఎంత ఎక్కువ?"

"ఓ నాలుగిళ్లంత."

అంటే ఆ ఆరు వీధులు లేకపోతే అప్పు లేదు.

లేస్తూ ఆయన గోడ మీది నోటీసు చూపించాడు. కొత్త మదింపు జాబితా మీద అభ్యంతరాలకు ఇవాళ అయిదింటితో గడువు సరి. ఏదీ రాకపోతే జాబితా ఖాయం. ఇంటింటికీ తిరిగి పెన్సిలుతో రాసుకున్న కొలతల పుస్తకాలు రేపు పొద్దున్నే కాగితం మిల్లుకి పోతాయి. ఫలానా వార్డు మీద ఒక్క అభ్యంతరం వచ్చినా ఆ వార్డు పుస్తకాలన్నీ విచారణ దాకా సీలు వేసి ఉంచాలి.

"చోటు చాలదండీ," అన్నాడు మెత్తనయ్య, పుస్తకాల మీద జాలిపడుతున్నట్టు.

*

మూడూ అయిదుకు లేఅవుట్ చేరాను. సరిహద్దు రాళ్లు వరసగా ఉన్నాయి, వాటి మధ్య గడ్డి ఉంది. అంతకుమించి ఏమీ లేదు. మాస్టారి కూతురు గోతి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మనిషి ముఖాన్ని కూడా తప్పుల కోసం చదువుతున్నట్టే చూస్తుంది.

"చనిపోవడానికి ముందు రోజు రాత్రి అన్నం తింటూ అన్నాడు సార్. 'నేను నడవని వీధుల్ని నేనే కొలిచానట' అని. ఆ సాయంత్రం ఆఫీసు మూసేవేళకు చేతికొచ్చిన కొత్త జాబితాలో ఆరు వీధుల పక్కన కొలిచినవాడిగా నాన్న పొడి సంతకం ఉందట. నవ్వాడు కూడా. నాన్న నవ్వాడంటే పట్టుకున్నాడన్నమాటే."

గొయ్యి ఇరవై రెండడుగుల లోతు, అడుగున కాంక్రీటు. అంచు నుంచి ఏడెనిమిది అడుగుల దూరంలో ఒక సరిహద్దు రాయి. దాని మొదట్లో, గడ్డిలో, నేలకు దిగేసిన మేకు. బొటనవేలంత పొడవు, తల సుత్తి దెబ్బలకు పువ్వులా విచ్చుకుంది. దాని మెడకు రెండు పసుపుపచ్చ పోగులు చుట్టుకుని ఉన్నాయి.

ఆమె వంగి చూసి, ముట్టుకోకుండా వెనక్కి జరిగింది.

"నాన్నదే. ఇరవై ఏళ్లుగా అదే మేకు. మనిషి తోడు లేకుండా కొలిచేవాడు కదా, టేపు ఒక కొస మేకుకి తగిలించి రెండో కొస పట్టుకుని నడుస్తాడు. పని అయ్యాక ముందు మేకు పీకి జేబులో వేసుకుంటాడు, తర్వాతే టేపు చుడతాడు. ఒకసారి మేకు మర్చిపోయి నాలుగు వీధులు వెనక్కి నడిచాడు. అమ్మ ఇంట్లో తిట్టింది, ఆ మేకుకే పసుపుతాడు కట్టుకో అని."

జీపు వచ్చి ఆగింది. దిగినవాడు ఇన్‌స్పెక్టరు. కేసు అతనిది, నా చెల్లెలు కూడా అతనిదే.

"ఏం బావా, గోతిలో నిధి దొరికిందా?"

"నువ్వు చూడకుండా వదిలేసింది దొరికింది బావా."

"నేను చూడనిది ఈ ఊళ్లో ఒక్కటే, నీ బ్యాంకు పుస్తకం. అందులో చూడ్డానికేమీ ఉండదని మీ చెల్లెలే చెప్పింది." మాస్టారి కూతుర్ని చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ కాగితాలు అబద్ధం చెప్పవు."

అతను జీపులోంచి జిరాక్సుల కట్ట తెచ్చి బానెట్ మీద పరిచాడు. ఎడమవైపు మాస్టారు ఇంటింటి దగ్గరా పెన్సిలుతో రాసుకున్న కొలతలు, కుడివైపు అవే ఇళ్లకు ఆఫీసు రిజిస్టరులో ఎక్కిన కొలతలు.

"ఇక్కడ ముప్ఫై ఒకటి, అక్కడ ముప్ఫై. ఇక్కడ ఇరవై ఆరు, అక్కడ ఇరవై అయిదు. ప్రతి ఇంటికీ పొడవులో అడుగు, వెడల్పులో అడుగు కోసేశాడు. ఊరికే కోస్తాడా? ఊరు మొత్తం మీద ఎన్ని అడుగులో లెక్క వేసుకో. ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది, పట్టుబడతానని తెలిసింది, వచ్చి దూకాడు."

"ఒక్క ఇల్లూ మిగల్లేదా?"

"మిగిలాయి. ఈ ఆరు వీధులు చూడు. పెన్సిలు లెక్కా రిజిస్టరు లెక్కా అచ్చంగా ఒకటే. లంచం ఇవ్వనన్న నిజాయితీపరులు పాపం, పూర్తి కొలతకు కడుతున్నారు."

నాకు ఒక్క క్షణం బావ మీద ఈర్ష్య కలిగింది. సరిపోయిన అంకెలు నిజమనీ సరిపోనివి దొంగవనీ అంత నిబ్బరంగా నమ్మగలిగితే రాత్రిళ్లు నిద్ర ఎంత బాగా పడుతుందో.

"టేపు నీ దగ్గరుందా?" అన్నాను.

శవం భుజాన ఉన్న సంచిలో దొరికిందంటూ ప్లాస్టిక్ కవరులోంచి తీసిచ్చాడు. తోలు డబ్బీలో పసుపుపచ్చ గుడ్డ టేపు, నీటుగా చుట్టి ఉంది. కొస లాగాను. మొదటి అంకె ఒకటి. దానికి ముందు ఉండాల్సిన అడుగు లేదు. ఒకటి గీత మీద మేకు పట్టేంత చిల్లు, చిల్లు అంచు కొత్తగా చిరిగి ఉంది.

కూతురే చెప్పింది. "నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఆ అడుగు ఊడిపోయింది. కొత్తది ఇస్తామని ఆఫీసువాళ్లు అంటూనే ఉన్నారు. నాన్న ఒకటి దగ్గర మొదలుపెట్టేవాడు. కనిపించిన అంకె పుస్తకంలో రాసుకునేవాడు, ఇంటికొచ్చి ఒకటి తీసేసి రిజిస్టరుకి ఎక్కించేవాడు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆఫీసులో ఎవరూ అడగలేదు."

బావ టేపును తిరగేసి, బోర్లేసి చూశాడు. మూతి బిగిసింది.

"అంటే తేడా ఉన్నవి అసలు కొలతలు," అన్నాను. "తేడా లేనివి ఎవరో గదిలో కూర్చుని రిజిస్టరు చూసి పెన్సిలుతో దించినవి. మాస్టారి అంకెల వంపు దించాడు గాని, ఆయన టేపు సంగతి తెలీదు. ఆ నిజాయితీపరుల ఇళ్లు ఎక్కడున్నాయో చుట్టూ చూసి నువ్వే చెప్పు బావా."

అతను చుట్టూ చూడలేదు. అది నేను గమనించాను. ఈ నేల ఏ వీధుల కిందికి వస్తుందని కూడా అడగలేదు. తెలియని మనిషి ముందు అడిగే ప్రశ్న అదే.

"ఆయన టేపు మేకుకి తగిలించి కొలుస్తున్నాడు," అన్నాను. "ఎవరో వచ్చారు. తర్వాత ఎవరో టేపును మేకు మీంచి గుంజి, చుట్టి, ఆయన సంచిలో పెట్టారు. చావబోయేవాడు టేపు చుట్టుకోడు. చుట్టుకునేంత నిదానం ఉంటే ఆయన మేకు వదలడు."

"ఒక్క మేకు పట్టుకుని హత్య అని రాయమంటావా?"

"పుస్తకాలు పట్టుకుని రాయి. అసలు పుస్తకాలు స్వాధీనం చేసుకో."

"పై నుంచి ఉత్తర్వు కావాలి. రెండు రోజులు."

"రేపు పొద్దున మిల్లుకి పోతున్నాయి."

"అయితే నన్నేం చేయమంటావు, మిల్లుకి అడ్డంగా పడుకోమంటావా?" విసురుగా కాగితాలు పోగేసుకున్నాడు. "ఆరింటికి నా రిపోర్టు వెళ్తుంది. ఈలోగా పుస్తకాలు నిలబెడితే ఆలోచిస్తాను. నీకు పనీపాటా లేదు బావా, నాకు పై అధికారులున్నారు."

జీపు వెళ్లిపోయింది. దుమ్ము అణిగాక ఆమె దగ్గరికి వచ్చింది.

"అభ్యంతరం నేను వేయలేను సార్. కనుక్కున్నాను. ఆ వార్డులో సొంతిల్లు ఉండి పన్ను కట్టేవాళ్లే వేయాలి. మాది క్వార్టర్సు." రెండు క్షణాలు నా ముఖం దిద్దింది. "మీ ఇల్లు ఏ వార్డు?"

"ఇదే," అన్నాను.

నా ఉద్యోగంలో పన్నెండేళ్లుగా ఏ కాగితం మీదా నా పేరు పడలేదు. రిపోర్టులు సంతకం లేకుండా ఇస్తాను. సాక్ష్యానికి పోలీసులు వెళ్తారు. చూసేవాడికీ చూడబడేవాడికీ మధ్య ఒక అద్దం ఉండాలని అనుకునేవాణ్ణి, దానికి వృత్తిధర్మం అని పేరు కూడా పెట్టుకున్నాను. భయానికి అంత మంచి పేరు దొరకడం అదృష్టం.

*

నాలుగూ ముప్ఫై ఎనిమిది. అభ్యంతరాల కిటికీ దగ్గర గుమస్తా ఒక ఫారం ఇచ్చి, ఆవలించి, లోపలికి కబురు పంపాడు. నిమిషంలో మెత్తనయ్య వచ్చి నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆమె కిటికీ దగ్గరే ఉండిపోయింది.

"ఆ వీధుల గురించి కదా?" అన్నాడు. గొంతు పెరగలేదు. "మీ ఇంట్లో పంపు ఎన్ని రోజులకొకసారి వస్తుంది?"

"మూడు రోజులకి."

"పథకం వస్తే రోజూ వస్తుంది. నాలుగు వేల ఇళ్లకి. మీరు ఆ ఫారం ఇస్తే అప్పు రాదు. మీరు ఎవరికి మేలు చేస్తున్నట్టు?"

"ఆ ఇళ్ల పన్ను ఎవరు కడుతున్నారు?"

"పైపుల కాంట్రాక్టరు. అతనికి పని కావాలి, ఊరికి నీళ్లు కావాలి. ఇందులో ఏడ్చినవాడు ఎవడు? ఆ ఇళ్లు ఎలాగూ వస్తాయండీ. పదేళ్లకో పదిహేనేళ్లకో. నేను కాస్త ముందు రాశాను, అంతే."

"పని అయ్యాక కాంట్రాక్టరు ఆపేస్తాడు," అన్నాను. "అప్పు మాత్రం ఇరవై ఏళ్లు ఉంటుంది. లేని గోడ బరువు మోయదు. ఆ బరువు పక్క గోడ మీదికి పోతుంది. ఇందాక మీరు చెప్పిన ఆ ఉన్న నలుగురి మీదికి."

"మాస్టారూ అచ్చం ఇలాగే అన్నాడు." ఆయన తల ఊపాడు. "నేనెంత నచ్చజెప్పినా..."

నేను చేతిలోని ఫారం మడిచాను.

"ఎప్పుడు నచ్చజెప్పారు?" అన్నాను. "జాబితా ఆయన చేతికి వచ్చింది ముందు రోజు సాయంత్రం. మర్నాడు మీ మధ్య మాటే జరగలేదన్నారు."

మెత్తనయ్య చాలాసేపు బల్ల మీది తన చేతుల్ని చూసుకున్నాడు, అవి ఎవరివో గుర్తుపడుతున్నట్టు. నేను ఎదురుచూసినట్టు బుకాయించలేదు, కేకలు వేయలేదు. లేచి బీరువా తెరిచి మదింపు రిజిస్టరు తీశాడు. ఆరో వీధి. పద్నాలుగో నంబరు. పేజీ నా వైపు తిప్పాడు.

యజమాని గడిలో ఉన్న పేరు నాకు తెలుసు. పలక మీద చెయ్యి పట్టి రాయించింది నేనే. మూడో అక్షరం దగ్గర ఎప్పుడూ తలకట్టు మర్చిపోయేది. ఇక్కడ, ఇల్లు కట్టుకున్నాను అన్న వాంగ్మూలం కింద సంతకంలో కూడా, మర్చిపోయింది.

"మీ బావగారు రెండేళ్ల కిందట స్థలం కొన్నారు, మీ చెల్లెలి పేరున," అన్నాడు మెత్తనయ్య. "చవగ్గానే ఇప్పించాం. లేని ఇంటిని ఉందని రాసిస్తే అది నేరమే కదండీ. పుస్తకాలు నిలిచాయంటే విచారణలో మొదట పిలిచేది ఇలా సంతకాలు పెట్టినవాళ్లనే. నేను వద్దనడం లేదు. మీ ఇష్టం."

తలుపు చప్పుడు కాకుండా తెరిచి పట్టుకున్నాడు.

వరండాలో నడుస్తుంటే నాకు ఆలోచనలేమీ రాలేదు, ముక్కలు వచ్చాయి. చుట్టూ చూడని బావ. సంతకం పెట్టమంటే ఎక్కడ పెట్టాలని మాత్రమే అడిగే చెల్లెలు. ఆమెకు తెలిసి ఉండదు. ఉండదని నేను కోరుకుంటున్నాను, ఆ కోరికని రుజువుగా చలామణీ చేస్తున్నాను, ఇలాంటి పని ఇతరులు చేస్తే పట్టుకోవడమే నా జీవనోపాధి. ఫారం ఇవ్వకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఏ ఇంట్లోనూ గోడ పగలదు. మేకు గడ్డిలో తుప్పు పడుతుంది. ఒకావిడ సామాను సర్దుకుని క్వార్టర్సు దిగుతుంది, దొంగ పెళ్లాం అన్న మాట వెనక నడుస్తుంది. పునాది మాత్రం కాగితం మీద చెక్కుచెదరదు.

కిటికీ దగ్గర గడియారం నాలుగూ యాభై నాలుగు. గుమస్తా షట్టరు సగం దించాడు. మాస్టారి కూతురు దాని కింద మోచెయ్యి పెట్టి నిలబడింది.

"ఇంకా ఆరు నిమిషాలుంది," అంటోంది అతనితో. "మీ గడియారమే చెబుతోంది, నేను కాదు."

నా వైపు తిరిగింది. ముఖంలో ఏం చదివిందో గాని, "వద్దనుకుంటే చెప్పేయండి సార్. నేనేమీ అనుకోను," అంది.

"అనుకోవాలి," అన్నాను.

జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. చెల్లెలు. ఈ వేళప్పుడు ఎప్పుడూ చేయదు. బావ చెప్పాడా, మెత్తనయ్య బావకు చెప్పాడా, లేక ఆదివారం భోజనానికి రమ్మనడానికా. మోగుతున్న ఫోన్ను కిటికీ గట్టు మీద బోర్లించాను. చెక్క మీద అది తేనెటీగలా తిరుగుతూ మోగింది.

ఫారం విప్పాను. అభ్యంతరం దేని మీద అన్న గడిలో, ఆరు వీధులు, మూడు వందల పన్నెండు ఇళ్లు, స్థలంలో లేవు అని రాశాను. ఒక్క క్షణం ఆగి పక్కనే, ఆరో వీధి పద్నాలుగుతో సహా, అని చేర్చాను.

ఫోను ఆగింది. మళ్లీ మొదలైంది.

కింద, పన్ను కట్టే ఇంటి యజమాని పేరు అని అచ్చువేసిన గీత ఖాళీగా ఉంది. నేను కలం దాని మీద పెట్టి, పలక మీద రాసే పిల్లవాడిలా ఒక్కో అక్షరం విడిగా, ఎవరైనా చదవగలిగేటట్టు, నా పూర్తి పేరు రాసి కాగితాన్ని షట్టరు కిందికి తోశాను.